ఎగుడుదిగుడు సీసీ మీద స్లైడింగ్ గేటు: ట్రాక్ నేలను చూసి కాదు, మట్టం చూసి వేయాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు, పాత ఇంటికి ప్రహరీ లేపుకునేవాళ్లు చాలామంది ఇప్పుడు స్లైడింగ్ గేటు అడుగుతున్నారు. దీనికి కారణం ఫ్యాషన్ ఒక్కటే కాదు. గల్లీల్లో పాత సీసీ రోడ్డు మీదనే కొత్త సీసీ పోస్తూ పోవడంతో రోడ్డు లేచింది, ఇల్లు కిందికి అయింది. రోడ్డుకూ వాకిలికీ మధ్య ర్యాంపు పడింది. రెండు రెక్కల గేటు తెరిస్తే దాని అడుగు ర్యాంపుకు తగులుతుంది. బయటికి తెరుద్దామంటే మోరీ, రోడ్డు అడ్డం. పక్కకు జరిగే గేటు అయితే ఈ తిప్పలు ఉండవు. పర్దా కోసం నిండు రేకు కొట్టించుకోవచ్చు, లోపల కారుకు జాగా కూడా మిగులుతుంది.

అయితే పక్కకు జరిగే గేటు బరువంతా కింద ఉన్న రెండు గిర్రల మీద ఉంటుంది. ఆ గిర్రలు నడిచేది సన్నని పట్టా మీద. వాకిలి కాంక్రీటు ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం ఉంటే, పట్టాను దాని మీదనే పరిచి బోల్టులు కొట్టేస్తే ఆ వంకరంతా గేటుకు వస్తుంది. మూసిన గేటు తనంతట తానే తెరుచుకుంటుంది. తెరిచిన గేటు జారి వచ్చి పిల్లల వేళ్లు నలుపుతుంది. అన్నిటికన్నా ప్రమాదం, గిర్ర పట్టా దిగి గేటు మొత్తం పడిపోవడం. మూడు నాలుగు వందల కిలోల ఇనుము మీద పడితే చిన్నపిల్లలు తట్టుకోలేరు. అందుకే ఇది అందం సంగతో, సౌకర్యం సంగతో అనుకోవద్దు.

ముందు మట్టం, తర్వాత గేటు

మన దగ్గర ఎక్కువగా జరిగేది తలకిందులు పని. ముందు వెల్డింగ్ షాపులో అడ్వాన్స్ ఇచ్చి గేటు చేయిస్తారు. గేటు ఆటోలో ఇంటికి వచ్చిన రోజు మేస్త్రీని పిలిచి ట్రాక్ వేయమంటారు. నేల ఎగుడుదిగుడుగా ఉందని అప్పుడు తెలుస్తుంది. వెల్డర్ మేస్త్రీని అంటాడు, మేస్త్రీ వెల్డర్‌ను అంటాడు. మధ్యలో ఇంటాయన ఏదో ఒకటి చేసి నిలబెట్టమంటాడు. ఆ ‘ఏదో ఒకటి’ సిమెంటు ముద్దలు పెట్టి ఎత్తిన పట్టా. ఆరు నెలలకు ముద్దలు పగులుతాయి, పట్టా ఊగుతుంది.

సరైన వరుస ఇది: నేల కొలవాలి, పట్టా ఎత్తు తేల్చాలి, బెడ్డు పోయాలి, ఆ తర్వాతనే గేటు ఎత్తు కొలిచి షాపుకు ఇవ్వాలి. గేటు అడుగు నుంచి నేలకు ఎంత సందు ఉంటుందో పట్టా ఎత్తును బట్టే తెలుస్తుంది.

జాగా లెక్క

దారి వెడల్పు 12 అడుగులు అనుకుందాం. గేటు 12 అడుగులే ఉంటే సరిపోదు. మూసినప్పుడు ముందు అంచు అవతలి స్తంభం దాటి ఆరు అంగుళాలైనా ఉండాలి. వెనక అంచు ఇంకో అడుగు గోడ వెనక, గైడ్ రోలర్ల మధ్యనే ఉండాలి. అంటే గేటు పదమూడున్నర అడుగులు. గేటు తెరిచి నిలపడానికి గోడ వెంట మరో పదమూడున్నర అడుగుల ఖాళీ కావాలి. అక్కడ చెట్టు, మీటర్ డబ్బా, మెట్లు, నల్లా ఉండొద్దు. ట్రాక్ మొత్తం 25, 26 అడుగులు వస్తుంది.

బజారులో ఇనుము మామూలుగా 20 అడుగుల పొడవులో దొరుకుతుంది. కాబట్టి ఒక అతుకు తప్పదు. దాన్ని కారు దాటే దారిలో పెట్టించొద్దు. పూర్తి పొడవు ముక్కను అవతలి స్తంభం నుంచి మొదలుపెట్టి వేస్తే అతుకు గోడ వెనకకు పోతుంది.

గేటు ఎటు జరగాలనేది కూడా నేలను చూసే తేల్చండి. రెండు వైపులా జాగా ఉంటే పల్లంగా ఉన్న వైపు జరిగేలా పెట్టడం మేలు. గోడ వెనక కారు తిరగదు కాబట్టి అక్కడ పట్టా కింద దిమ్మె కట్టి ఎత్తుకోవచ్చు. ఎత్తు వైపు పెడితే నేలను తవ్వుకుంటూ పోవాలి, ఆ గుంతలో వాన నీళ్లు, చెత్త నిండుతాయి.

లెవల్ పైపుతో కొలత

రసమట్టం రెండు మూడు అడుగుల దూరానికి పనికొస్తుంది. 25 అడుగులకు దాన్ని జరుపుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు కూడి పెద్ద తేడా అవుతుంది. దీనికి నీళ్ల లెవల్ పైపే బరాబర్. పారదర్శకమైన సన్నని పైపులో నీళ్లు నింపి, బుడగలు లేకుండా చూసి, రెండు కొసల్లో నీళ్లు నిలిచిన చోట గోడలకు గీతలు పెట్టాలి. ఆ రెండు గీతల మధ్య దారం గట్టిగా లాగి కట్టాలి. ఆ దారం నుంచి నేలకు ప్రతి రెండు అడుగులకు టేపుతో కొలిచి, అంకె నేల మీద చాక్‌పీసుతో రాయాలి.

ఉదాహరణకు ఏడు చోట్ల కొలిస్తే మిల్లీమీటర్లలో ఇలా వచ్చిందనుకోండి: 300, 304, 315, 322, 318, 330, 341. అంకె చిన్నదైతే అక్కడ నేల ఎత్తు, పెద్దదైతే పల్లం. 300 దగ్గర అన్నిటికన్నా ఎత్తు, 341 దగ్గర అన్నిటికన్నా పల్లం. తేడా 41 మిల్లీమీటర్లు, అంటే అంగుళంన్నర దాటింది. కంటికి మాత్రం వాకిలి చదునుగానే కనిపిస్తుంది.

ఇక్కడ రెండు వాలులను వేరు చేసి చూడాలి. ఇంటి నుంచి రోడ్డు వైపు ఉండే వాలు పట్టాకు నష్టం చేయదు, ఎందుకంటే పట్టా దానికి అడ్డంగా పోయే గీత. వాన నీళ్లు పోవడానికి ఆ వాలు ఉండాలి కూడా. నష్టమంతా ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం వైపు ఉండే వాలుతోనే. 300 కిలోల గేటు కింద 10 అడుగులకు 2 అంగుళాల వాలు ఉంటే, గేటును పల్లం వైపు లాగే బలం 5 కిలోలు. మంచి బేరింగు ఉన్న గిర్రలు కదలడానికి అది చాలు. గిర్రలు ఎంత మంచివైతే గేటు అంత జోరుగా జారుతుంది.

ఎత్తుపల్లాలకు మూడు మార్గాలు

తేడా ఎంత ఉందో చూసి మార్గం ఎంచుకోవాలి.

మొదటిది, తేడా రెండు సూత్‌ల లోపు, అంటే అంగుళంలో నాలుగో వంతు లోపు ఉండి, కింద కాంక్రీటు మందంగా, పగుళ్లు లేకుండా ఉంటే. అప్పుడు పట్టాను నాలుగు అంగుళాల వెడల్పు ఇనుప ప్లేటుకు వెల్డింగ్ చేసి, పల్లం ఉన్న చోట ఇనుప రేకు ముక్కలు పెట్టి మట్టం చేసి, బోల్టులతో బిగించవచ్చు. బోల్టులు పట్టాకు అటొకటి ఇటొకటి, అడుగున్నర దూరంలో రావాలి. తర్వాత ప్లేటు కింద మిగిలిన సందంతా కుంచించుకుపోని గ్రౌట్ పొడి కలిపి నింపాలి. మామూలు సిమెంటు ఇసుక పలచగా పూస్తే గిర్ర బరువుకు పొడి అయిపోతుంది.

రెండోది, తేడా అంతకు మించి ఉంటే, లేదా పాత కాంక్రీటు పలచగా ఉంటే. మన ఇళ్లలో చాలావరకు ఇదే పరిస్థితి. అప్పుడు పట్టా వచ్చే గీత వెంట కటింగ్ మిషన్‌తో తొమ్మిది అంగుళాల వెడల్పున రెండు కోతలు కోసి, మధ్యలోది పగలగొట్టి తీసి, కొత్తగా బీము పోసి అందులో పట్టాను పాతాలి. సుత్తితోనే పగలగొడితే పక్క కాంక్రీటుకూ పగుళ్లు పాకుతాయి. ముందు మిషన్ కోత తప్పనిసరి.

పై ఉదాహరణలో పట్టా పైభాగాన్ని దారం నుంచి 310 దగ్గర పెట్టామనుకుందాం. పల్లం కొసలో పట్టా నేలకన్నా 31 మిల్లీమీటర్లు పైన ఉంటుంది. అక్కడ రెండు పక్కలా కాంక్రీటుతో వాలు కట్టాలి. ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు వాలు అయినా ఇస్తేనే స్కూటీ కుదుపు లేకుండా దాటుతుంది, కారు అడుగు గీసుకోదు. ఎత్తు కొసలో పట్టా నేలకన్నా 10 మిల్లీమీటర్లు కిందికి పోతుంది. అక్కడ రెండు పక్కలా పాత కాంక్రీటును చెక్కి, పట్టా కొంచెం పైకి కనిపించేలా కలపాలి. పట్టాను గుంతలో వదిలేస్తే రాళ్లు చేరి గిర్ర ఎక్కి దిగుతుంది. మొత్తం ఎత్తి కట్టడం, మొత్తం తవ్వడం కాకుండా ఇలా మధ్యలో పెట్టుకుంటే రెండు పనులూ సగం సగమే పడతాయి.

మూడోది, ర్యాంపు బాగా వాలుగా ఉన్నా, దారిలోనే మోరీ పోతున్నా, నేల మీద ట్రాక్ లేని గేటు. దీన్ని క్యాంటిలివర్ గేటు అంటారు. గోడ వెనక పాతిన దిమ్మె మీది రోలర్లే గేటును మోస్తాయి. గేటు దారి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పొడవు ఉండాలి, దిమ్మె లోతుగా ఉండాలి, ఖర్చు ఎక్కువ. జాగా ఉంటేనే ఆలోచించాలి.

పట్టా కింద ఏముంది

2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడిన దృశ్యం అందరూ చూశారు. ఇనుము విరగలేదు, కింది ఆధారమే పోయింది. ఇంటి గేటు ట్రాక్ కూడా చిన్న పట్టాయే. దాని బలం ఇనుములో కన్నా బెడ్డులోనే ఉంది.

చెలక నేల, మొరం నేల అయితే తొమ్మిది అంగుళాల వెడల్పు, తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల లోతు బీము మామూలు ఇంటి గేటుకు సరిపోతుంది. అందులో 10 మిల్లీమీటర్ల రాడ్లు నాలుగు, ప్రతి ఎనిమిది అంగుళాలకు ఒక 8 మిల్లీమీటర్ల రింగు వేయించండి. నల్లరేగడి నేలకు ఇది చాలదు. పత్తి చేన్లలో చూసినట్టే ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. దాని మీద నేరుగా పోసిన బీము ఏటా లేస్తూ దిగుతూ ఉంటుంది. అక్కడ ఒకటిన్నర, రెండు అడుగుల లోతు రేగడి తీసేసి, మొరం పొరలు పొరలుగా నింపి, ప్రతి పొరకూ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాకే బీము పోయాలి. కొత్తగా మట్టి పోసి ఎత్తు చేసిన ప్లాటు అయినా ఇంతే.

కాంక్రీటు ఒక వంతు సిమెంటు, ఒకటిన్నర వంతు ఇసుక, మూడు వంతుల కంకర. నీళ్లు ఎక్కువ పోస్తే పని సులువు, బలం తక్కువ. ఇప్పుడు ఎక్కువగా అమ్మే పీపీసీ సిమెంటులో బూడిద కలిసి ఉంటుంది. అది నెమ్మదిగా గట్టిపడుతుంది. కాబట్టి గోనె సంచులు కప్పి కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. రెండు వారాల దాకా కారు ఎక్కించొద్దు. ఈద్‌కు గేటు కావాలంటే ఈ రోజులన్నీ ముందే లెక్క వేసుకోండి. చాంద్ రాత్రి నాడు పచ్చి కాంక్రీటు మీద గేటు ఎక్కిస్తే రెండో సారి ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

పట్టా, గిర్ర ఒకదానికొకటి సరిపోవాలి

మన దగ్గర రెండు రకాలు నడుస్తున్నాయి. యాంగ్లర్‌ను మూల పైకి వచ్చేలా బోర్లించి పెట్టడం ఒకటి. దానికి వీ ఆకారం గాడి ఉన్న గిర్రలు కావాలి. ప్లేటు మీద 16 లేదా 20 మిల్లీమీటర్ల గుండ్రని రాడ్డు వెల్డింగ్ చేయడం రెండోది. దానికి గుండ్రని గాడి గిర్రలు కావాలి. ఒకదానికి ఇంకోటి పెడితే గిర్ర రెండు అంచుల మీదనే నడిచి అరిగిపోతుంది, పట్టా దిగడం కూడా సులువవుతుంది. యాంగ్లర్ బోర్లించినప్పుడు దాని కింద ఖాళీ ఉండకుండా కాంక్రీటు కూర్చాలి. ఖాళీలో నీళ్లు నిలిస్తే లోపలి నుంచి తుప్పు పట్టి, రెండు మూడేళ్లకు పైకి తెలుస్తుంది.

బీములో పాతే పట్టాకు ప్రతి అడుగున్నరకు ఒక రాడ్డు కాలు వెల్డింగ్ చేయించండి. ఒకే కొస నుంచి వరుసగా వెల్డింగ్ చేసుకుంటూ పోతే వేడికి పట్టా వంగుతుంది. అక్కడొకటి ఇక్కడొకటి పెట్టి, చల్లారనిచ్చి, మళ్లీ దారం పెట్టి చూడాలి. కాంక్రీటు పోయక ముందు ఒకసారి, పోసిన వెంటనే పచ్చిగా ఉన్నప్పుడు ఇంకోసారి లెవల్ పైపు పెట్టండి. గట్టిపడ్డాక చూసి ఫాయిదా లేదు. ప్లేటు మీద బోల్టులతో బిగించే పట్టాకు అతుకు దగ్గర 2 మిల్లీమీటర్ల సందు వదలాలి. 20 అడుగుల ఇనుము 30 డిగ్రీల వేడి తేడాకు దాదాపు అంతే పెరుగుతుంది.

వాన నీళ్లకు దారి

వాకిలికి అడ్డంగా పట్టా వేశామంటే చిన్న కట్ట కట్టినట్టే. ఇంట్లో పడ్డ వాన నీళ్లు దాని వెనక నిలుస్తాయి. బీము పోసేటప్పుడే పల్లం ఉన్న చోట రెండు అంగుళాల పీవీసీ పైపు ముక్కలు రెండు మూడు అడ్డంగా పెట్టించి, పట్టాకు లోపలి వైపు చిన్న కాలువలా వాలు ఇవ్వాలి. నీళ్లు పోవట్లేదని తర్వాత పట్టాను మధ్యలో కోయడం తప్పు. రోడ్డే ఎత్తుగా ఉండి నీళ్లు లోపలికి వచ్చే ఇల్లయితే ఆ పైపులు పెట్టొద్దు. పట్టా కొంచెం ఎత్తుగా ఉండటమే గడపలా అడ్డు పడుతుంది. లోపలి నీళ్లకు జాలీ మూత ఉన్న గుంత వేరే కట్టుకోవాలి. వాలు కడుతూ కట్టుకుంటూ మోరీ మూసేస్తే మాత్రం ఆ నీళ్లు పక్కింటికి పోతాయి. ట్రాక్, వాలు రెండూ మన హద్దులోపలనే ఆగాలి.

గేటు పడకుండా ఆపేవి రెండు

ట్రాక్ బరువు మోస్తుంది, గేటును నిలబెట్టేది మాత్రం ట్రాక్ కాదు. దాన్ని నిలబెట్టేవి పైన గైడ్ రోలర్లు, కొసల్లో స్టాపర్లు.

గైడ్ రోలర్లు రెండు జతలు ఉండాలి, గేటు ఎక్కడ ఉన్నా కనీసం ఒక జత మధ్యలోంచి బయటికి రాకూడదు. వాటిని ఉత్త ఇటుక గోడకు బోల్టు కొట్టి బిగిస్తే గాలికి ఊడిపోతాయి. పునాది ఉన్న కాంక్రీటు స్తంభానికో, ఇనుప స్తంభానికో బిగించాలి. పర్దా కోసం నిండు రేకు కొట్టించేవాళ్లు ఇది ఇంకా గట్టిగా చూసుకోవాలి. 12 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు రేకు మీద గంటకు 50 కిలోమీటర్ల గాలి తోసే బలం సుమారు 80 కిలోలు. గాలి వేగం రెండింతలైతే బలం నాలుగింతలు, 300 కిలోలు దాటుతుంది. ఎండాకాలం చివర వచ్చే గాలిదుమారం అలాంటిదే.

స్టాపర్ రెండు కొసల్లోనూ ఉండాలి. సన్నని రాడ్డు ముక్క కాదు, బీములోనే పాతిన మందపాటి ఇనుము కావాలి. గేటు జోరుగా వచ్చి కొట్టినా వంగొద్దు. తాళం, గొళ్లెం స్టాపర్ పని చేయవు. పని జరిగే రోజుల్లో గైడ్లు, స్టాపర్లు బిగించక ముందే గేటును పట్టా మీద నిలబెట్టి, గోడకు ఆనించి భోజనానికి పోవడం చాలా ప్రమాదం. నిలబెట్టాల్సి వస్తే రెండు చోట్ల తాళ్లతో కట్టాలి, పిల్లల్ని ఆ వైపు రానివ్వొద్దు.

డబ్బులు ఇచ్చే ముందు పరీక్ష

గేటును పావు, సగం, ముప్పావు దూరంలో ఆపి చేయి వదిలేయండి. ఎటూ కదలకూడదు. ఒక చేత్తో తోస్తే ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే తీరుగా పోవాలి. ఎక్కడైనా బరువు అనిపిస్తే అక్కడ పట్టా వంకర ఉన్నట్టు. రెండు కొసల్లో స్టాపర్‌కు తాకించి చూడండి. గేటు పైభాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి, గైడ్లు కదలొద్దు. పట్టా మీద రెండు బకెట్ల నీళ్లు పోసి ఎటు పోతాయో చూడండి. గేటు బరువుగా నడుస్తుంటే మోటరు పెట్టుకుందాం అనే సలహా వినొద్దు. ట్రాక్ సరిచేయకుండా మోటరు పెడితే మోటరు కూడా పాడవుతుంది, పిల్లలకు ప్రమాదం పెరుగుతుంది.

వాడకంలో పని తక్కువే. పట్టా మీది మట్టి, కంకర వారానికోసారి ఊడవాలి. గ్రీజు గిర్రల బేరింగులకే, పట్టాకు రాస్తే దుమ్ము అంటి ముద్ద అవుతుంది. వానాకాలానికి ముందు ఒకసారి, పండుగకు చుట్టాల పిల్లలు వచ్చే ముందు ఒకసారి స్టాపర్లు, గైడ్ బోల్టులు గట్టిగా ఉన్నాయో చూసుకోవాలి. పిల్లలు గేటు ఎక్కి జారే ఆట ఆడకుండా ఇంట్లో పెద్దలే చెప్పాలి.

పని మొదలయ్యే ముందు మేస్త్రీ, వెల్డర్ ఇద్దరినీ ఒకే రోజు పిలిచి ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: పట్టా మట్టం ఎవరి జిమ్మేదారి, బీము లోతు, రాడ్ల లెక్క, గిర్ర రకం, గైడ్లు ఎన్ని, స్టాపర్లు ఎవరు బిగిస్తారు, నీళ్ల పైపులు ఎక్కడ, ఎన్ని రోజులు తడపాలి. నేల మీద చాక్‌పీసుతో రాసిన ఆ అంకెలను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు పట్టా ఎక్కడైనా దిగితే, ఎంత దిగిందో ఆ ఫొటో చూసి చెప్పొచ్చు.